పాల కూలరు ఆగినప్పుడు: విద్యుత్ లోపాలను వరుసగా కనుగొనే పద్ధతి

పొదుగు నుంచి అప్పుడే పితికిన పాలు సుమారు 37 డిగ్రీల వేడి మీద ఉంటాయి. పాలను పులియబెట్టే సూక్ష్మజీవులకు ఇది ఎంతో అనువైన వేడి. పితికిన తరువాత కొద్ది సేపు పాలలో సహజంగా ఉండే నిరోధక శక్తి వాటిని అదుపులో ఉంచుతుంది. ఆ గడువు దాటితే వాటి సంఖ్య అరగంటకు ఒకసారి రెట్టింపు కాగలదు. ఆ లెక్కన మూడు గంటలలో ఒక్కటి అరవై నాలుగు అవుతుంది. అవే పాలను వెంటనే 4 డిగ్రీలకు చల్లబరిస్తే ఆ పెరుగుదల దాదాపు నిలిచిపోతుంది. గ్రామ సంఘాలలో పెద్ద కూలర్లు నెలకొల్పడానికి కారణం ఇదే.

అయితే కూలరు నడిచేది కరెంటు మీద. సాయంత్రం పాలు పోయడం పూర్తయిన తరువాత కూలరు ఆగిపోతే, తెల్లవారి ట్యాంకరు వచ్చేసరికి ఆ పాలు డెయిరీ పరీక్షకు నిలుస్తాయో లేదో చెప్పలేము. 1,000 లీటర్ల కూలరు నిండుగా ఉన్నదనుకొని, లెక్క కోసం లీటరు 45 రూపాయలు వేసుకున్నా, ఒక రాత్రి నష్టం 45,000 రూపాయలు. ఈ సొమ్ము యంత్రానిది కాదు. రెండు గేదెల మీద ఇల్లు గడుపుకొనే సభ్యులది.

తనిఖీకి వెళ్ళినప్పుడు కూలరు ఆగి ఉన్న సంఘాలలో మాకు సాధారణంగా వినిపించే మాట ఒకటే: "కంప్రెసరు పోయిందండి." తీరా చూస్తే చాలా చోట్ల కంప్రెసరుకు ఏమీ కాలేదు. దానికి అందవలసిన కరెంటు సరిగా అందలేదు, అంతే. ఒక ఫేజు పోయి ఉంటుంది, లేదా వోల్టేజి పడిపోయి ఉంటుంది, లేదా కాంటాక్టరులో బల్లి పడి ఉంటుంది. కారణం వెదకకుండా రీసెట్ బొత్తాన్ని పదే పదే నొక్కడం వలన, బాగున్న కంప్రెసరు ఆ తరువాత నిజంగానే కాలిపోతుంది. ఇది తప్పించడానికి ఏ వరుసలో చూడాలో ఈ వ్యాసంలో వివరిస్తున్నాము. కార్యదర్శి, పాల పరీక్షకుడు, పాలకవర్గ సభ్యులు దీనిని చదివి కూలరు గదిలో అందుబాటులో ఉంచుకొనవలసినదిగా మనవి.

మొదట ప్రాణం, తరువాత పాలు

కూలరు గది నేల ఎప్పుడూ తడిగానే ఉంటుంది. క్యాన్లు కడిగిన నీరు, చిందిన పాలు, వట్టి కాళ్ళు. కరెంటు షాకుకు ఇంతకంటె అనువైన చోటు ఉండదు. కనుక ఈ క్రింది నియమాలను దాటరాదు.

కూలరు ఒంటిని తాకినప్పుడు ఏ మాత్రం జివ్వుమన్నా మెయిను కట్టివేయాలి. "కొంచెమే కొడుతున్నది, ఫర్వాలేదు" అనే మాట కూడదు. ఈ రోజు కొంచెం కొట్టినది రేపు తడి చేతికి ప్రాణాంతకం కావచ్చును.

ప్యానెలు తలుపు తెరిచే ముందు మెయిను కట్టాలి. కట్టిన తరువాత కూడా టెస్టరుతో చూడాలి. పొడి చెక్క బల్ల మీద గాని, రబ్బరు చాప మీద గాని నిలబడాలి.

కెపాసిటరు కలిగిన యంత్రాలలో మెయిను కట్టినా కెపాసిటరులో కరెంటు నిలువ ఉంటుంది. దానిని చేతితో ముట్టరాదు. దానిని ఖాళీ చేసే పని మెకానిక్కుది.

సంఘం సిబ్బంది చేయదగినది చూడడం, వినడం, కొలవడం, వ్రాయడం. తీగలు విప్పడం, బిగించడం లైసెన్సు గల ఎలక్ట్రీషియను పని. గ్యాసు గొట్టాల జోలికి పోవడం శీతల యంత్రాల మెకానిక్కు పని. స్తంభం మీద పని విద్యుత్ పంపిణీ సంస్థ లైన్‌మన్‌ది మాత్రమే.

కరెంటు నడిచే దారి

లోపం వెదకాలంటే ముందు దారి తెలియాలి. మన పంట కాలువలో నీరు చివరి మడికి రాకపోతే రైతు ఏమి చేస్తాడు? మడి దగ్గర కూర్చొని మట్టి తవ్వడు. తూము దగ్గరకు పోయి, అక్కడ నుంచి గట్టు వెంట దిగుతూ నీరు ఎక్కడ ఆగిందో చూస్తాడు. కరెంటుకూ అదే పద్ధతి.

కరెంటు ట్రాన్స్‌ఫార్మరు నుంచి సర్వీసు తీగ మీదుగా మీటరుకు వస్తుంది. అక్కడ నుంచి మెయిను స్విచ్చి, ఫ్యూజులు, జనరేటరు వైపు మార్చే చేంజోవరు స్విచ్చి, ఉంటే స్టెబిలైజరు. ఆ తరువాత కూలరు ప్యానెలు. ప్యానెలులో కాంటాక్టరు, ఓవర్‌లోడు రిలే, చల్లదనాన్ని కనిపెట్టి ఉండే థర్మోస్టాటు, గ్యాసు ఒత్తిడిని కనిపెట్టి ఉండే స్విచ్చులు. చిట్టచివర కంప్రెసరు, కండెన్సరు ఫ్యాను, పాలు కలియబెట్టే మోటారు.

కంప్రెసరు ఈ దారికి చిట్టచివరిది. అందరూ ముందు దానినే అనుమానిస్తారు. మనం దానిని చివరనే అనుమానించాలి.

మొదటి మెట్టు: మూడు ఫేజులూ ఉన్నాయా?

పెద్ద కూలర్లు మూడు ఫేజుల మీద నడుస్తాయి. రెండు ఫేజుల మధ్య 415 వోల్టులు, ఒక ఫేజుకు న్యూట్రలుకు మధ్య 230 నుంచి 240 వోల్టులు ఉండడం మామూలు. యంత్రం మీద బిగించిన రేకు పైన ఎంత వోల్టేజి వ్రాసి ఉన్నదో, అందులో పది శాతానికి మించి హెచ్చుతగ్గులు ఉండరాదని ఒక సాధారణ నియమం. 415 వోల్టుల యంత్రానికి సుమారు 375 నుంచి 455 వరకు అన్నమాట. తయారీదారు వేరే హద్దు వ్రాసి ఉంటే దానినే పాటించాలి.

దీనికి నియాన్ బుడ్డి వెలిగే టెస్టరు చాలదు. కరెంటు నూరు వోల్టులున్నా అది వెలుగుతుంది, రెండు వందలున్నా వెలుగుతుంది. ప్యానెలు మీద వోల్టు మీటరు, ఫేజులను మార్చి చూచే స్విచ్చి ఉండాలి. మూడు జతలనూ కొలిచి మూడు అంకెలు వ్రాయాలి.

ఇక్కడ ఒక మెలిక ఉన్నది. మోటారు నడుస్తూ ఉండగా ఒక ఫేజు పోతే, తిరుగుతున్న ఆ మోటారే పోయిన ఫేజు తీగలో కొంత వోల్టేజి పుట్టిస్తుంది. టెస్టరు వెలుగుతుంది. మూడు ఫేజులూ ఉన్నాయని మనం మోసపోతాము. కనుక అనుమానం వచ్చినప్పుడు కంప్రెసరును ఆపి కొలవాలి.

ఒక ఫేజు పోయి ఆగి ఉన్న మోటారుకు స్విచ్చి వేస్తే అది తిరగదు. తుమ్మెద రొద వంటి శబ్దం మాత్రం చేస్తుంది. ఆ శబ్దం వినిన వెంటనే స్విచ్చి కట్టాలి. నడుస్తున్న మోటారుకు ఒక ఫేజు పోతే అది ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది గాని, మిగిలిన రెండు తీగలలో కరెంటు సుమారు 1.7 రెట్లు అవుతుంది. వైండింగు వేడెక్కి, కాపాడే రిలే లేకపోతే కొద్ది నిమిషాలలోనే మాడిపోవచ్చును. మూసిన ఉక్కు డబ్బాలో ఉండే కంప్రెసరుకు వ్యవసాయ మోటారు వలె వైండింగు చుట్టించుకోవడం వీలుపడదు. డబ్బా కోయవలసి వస్తుంది, లేదా కొత్తది వేయవలసి వస్తుంది. ఒక ఫేజు పోగానే యంత్రాన్ని ఆపే చిన్న పరికరాన్ని, అనగా సింగిల్ ఫేజ్ ప్రివెంటరును, ప్యానెలులో అమర్చుకుంటే ఈ ప్రమాదం తప్పుతుంది. దాని ఖరీదు కంప్రెసరు ఖరీదులో చాలా చిన్న భాగం.

రెండవ మెట్టు: వోల్టేజి చాలినంత ఉన్నదా?

మూడు ఫేజులూ ఉన్నవి గాని వోల్టేజి తగ్గినదనుకుందాము. మోటారు స్టార్టు అయ్యే బలం వోల్టేజి వర్గాన్ని బట్టి మారుతుంది. వోల్టేజి నూటికి ఎనభై అయితే, స్టార్టింగు బలం నూటికి అరవై నాలుగే మిగులుతుంది. అనగా 415 ఉండవలసిన చోట 332 ఉంటే మూడవ వంతు పైగా బలం పోయినట్లే. నడుస్తున్న మోటారు అదే పని చేయడానికి ఎక్కువ కరెంటు లాగి వేడెక్కుతుంది.

డెల్టాలో వోల్టేజి ఎప్పుడు పడిపోతుందో గమనించండి. సాయంత్రం దీపాల వేళ అందరికీ తెలిసినదే. భీమవరం, ఆకివీడు ప్రాంతాలలో చేపల, రొయ్యల చెరువులు ఉన్న ఊళ్ళలో రాత్రి, ముఖ్యంగా తెల్లవారుజామున, చెరువు నీటిలో ప్రాణవాయువు తగ్గుతుంది గనుక ఏరియేటర్లు వరుసగా నడుపుతారు. కూలరూ ఆ చెరువులూ ఒకే ఫీడరు మీద ఉంటే, ఉదయం పాలు చేరే వేళకే వోల్టేజి చాలకపోవచ్చును. పగలు లైన్‌మన్ వచ్చి చూచినప్పుడు అంతా సవ్యంగానే ఉంటుంది. అందుచేత గంట, నిమిషం, వోల్టేజి వ్రాసిన కాగితం చూపితేనే ఆ ఫిర్యాదుకు బలం వస్తుంది.

లోపం అన్ని సార్లూ బయట లైనులోనే ఉండదు. మన సంఘం లోపలి తీగలోనూ ఉండవచ్చును. ఒక లెక్క చూపుతాము. 5 గుర్రాల శక్తి మోటారు నడిచేటప్పుడు సుమారు ఏడున్నర ఆంపియర్లు తీసుకుంటుంది. స్టార్టు అయ్యే క్షణంలో దానికి ఆరు రెట్లు, అనగా 45 ఆంపియర్లు. మీటరు నుంచి కూలరుకు 100 మీటర్ల దూరం 4 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం తీగ వేశారనుకుందాము. ఆ తీగ నిరోధం సుమారు ముప్పాతిక ఓము. నడిచేటప్పుడు రెండు ఫేజుల మధ్య దాదాపు 10 వోల్టులే పోతాయి గనుక ఎవరికీ తెలియదు. స్టార్టింగులో మాత్రం దాదాపు 58 వోల్టులు పోతాయి. మీటరు దగ్గర 375 ఉంటే మోటారు దగ్గర ఆ క్షణాన 317 మాత్రమే. మీటరు దగ్గర బాగున్నది, కూలరు దగ్గర స్టార్టు కాలేదు అన్న చిక్కుముడికి జవాబు ఇదే. తీగ లావుది వేయించడం దీనికి మందు.

మూడు ఫేజుల వోల్టేజీలు ఒకదానికొకటి సమానంగా ఉండడం కూడా ముఖ్యం. ఒక చోట 415, 400, 370 ఉన్నాయనుకోండి. సగటు 395. అందులో ఎక్కువ తేడా 25 వోల్టులు, అనగా నూటికి 6 పైచిలుకు. ఆ శాతాన్ని దానితోనే గుణించి రెట్టింపు చేస్తే మోటారు వేడి నూటికి ఎంత పెరుగుతుందో ఉజ్జాయింపుగా తెలుస్తుంది. ఇక్కడ సుమారు 80 శాతం. ఏ ఒక్క వోల్టేజి చూచినా కంగారు పడవలసినంత తక్కువగా కనబడదు. కాని మూడింటి తేడాయే మోటారును తినివేస్తున్నది.

మూడవ మెట్టు: న్యూట్రలు, ఫేజుల వరుస

గదిలో ఒక దీపం దేదీప్యమానంగా వెలిగి, పక్క దీపం గుడ్డిదైతే న్యూట్రలు తెగినదని అనుమానించాలి. న్యూట్రలు తెగితే 230 వోల్టుల వస్తువు మీదికి 400 వరకూ రావచ్చును. పాల పరీక్ష యంత్రం, తూకం యంత్రం, కంప్యూటరు ముందు పోయేవి. క్షణం ఆలస్యం చేయకుండా మెయిను కట్టివేసి, లైన్‌మన్‌ను పిలవాలి.

ఇక ఫేజుల వరుస. గాలివానకు స్తంభాలు కూలి, తీగలు తిరిగి కట్టినప్పుడు, లేదా ట్రాన్స్‌ఫార్మరు మార్చినప్పుడు, రెండు ఫేజులు తారుమారు కావచ్చును. అప్పుడు మూడు ఫేజుల మోటార్లు ఎదురు తిరుగుతాయి. స్క్రోల్ రకం కంప్రెసరు ఎదురు తిరిగితే పెద్ద రొద చేస్తుంది గాని చల్లబరచదు. అలాగే వదిలితే పాడవుతుంది. 1996 నవంబరు 6 నాటి తుపాను కోనసీమలో కరెంటు లైన్లను ఎట్లా నేలకూల్చినదో పెద్దలకు గుర్తున్నది. అటువంటి ప్రతి గాలివాన తరువాత, లైను బాగుచేసి కరెంటు ఇచ్చిన మొదటి సారి, కూలరు వేయక ముందు ఫేజుల వరుస చూపించుకోవాలి. వరుస తప్పితే స్టార్టు కానీయని రిలే ఉంటే మరీ మంచిది.

నాల్గవ మెట్టు: ప్యానెలు లోపల

బయట నుంచి వచ్చే కరెంటు సవ్యంగా ఉన్నదని తేలిన తరువాతనే ప్యానెలు తెరవాలి.

ఫ్యూజు: పోయిన ఫ్యూజు స్థానంలో దొరికిన రాగి తీగ మెలి వేసి బిగించడం ఇప్పటికీ కొన్ని చోట్ల కనబడుతున్నది. అది ఫ్యూజు కాదు, మేకు. ఫ్యూజు కాలవలసిన సమయంలో కాలకపోతే దాని బదులు మోటారు కాలుతుంది. యంత్రానికి తగిన అంపియర్ల ఫ్యూజు నాలుగు నిలువ ఉంచుకోవాలి.

కాంటాక్టరు: స్విచ్చి వేయగానే టప్ మని ఒక్కసారి అతుక్కోవాలి. టపటప కొట్టుకుంటున్నదంటే వోల్టేజి తక్కువ, లేదా దాని కాయిలుకు వచ్చే తీగ వదులు. వెచ్చదనం కోసం చీమలు, బల్లులు కాంటాక్టరులో చేరి పాయింట్ల మధ్య నలిగిపోతాయి. అప్పుడు ఒక ఫేజు అందదు. బయట మూడు ఫేజులూ ఉండి మోటారు రొద చేస్తున్నదంటే ముందు చూడవలసిన చోటు ఇదే. ప్యానెలుకు ఉన్న కన్నాలు మూసి, తలుపు రబ్బరు సరిగా ఉంచితే సగం బాధ తీరుతుంది. పాయింట్లు గుంటలు పడి ఉంటే ఆకురాయితో రాయడం తాత్కాలికం. మార్పించడమే మేలు.

ఓవర్‌లోడు రిలే: ఇది కావలివాడు. అది పడినదంటే మోటారు ఎక్కువ కరెంటు లాగినదని అర్థం. పది నిమిషాలు చల్లారనిచ్చి, మూడు ఫేజులూ వోల్టేజీ చూచిన తరువాత ఒకే ఒక్కసారి రీసెట్ చేయవచ్చును. మరల పడితే మెకానిక్కు వచ్చే వరకు ముట్టరాదు. రిలే అంకెను పైకి త్రిప్పడం కావలివాని కళ్ళకు గంతలు కట్టడమే.

ఆలస్యపు టైమరు: కంప్రెసరు ఆగిన వెంటనే స్టార్టు చేయరాదు. లోపలి గ్యాసు ఒత్తిడి సర్దుకోవడానికి కనీసం మూడు నిమిషాలు పడుతుంది. కరెంటు పోయి వచ్చినప్పుడు కూలరు వెంటనే కదలకపోతే గాబరా పడకుండా ఆ గడువు చూడాలి.

కెపాసిటరు: ఒక ఫేజు మీద నడిచే చిన్న కూలర్లలో ఇది ఉంటుంది. పైభాగం ఉబ్బినా, నూనె కారినా పోయినట్లే. మోటారు మూలిగి ఆగుతుంటే దీనిని అనుమానించాలి.

నడుస్తున్నది, చల్లబడడం లేదు

ఇది చాలాసార్లు కరెంటు లోపం కాదు. కంప్రెసరు వేడిని బయటకు విడిచే జాలీని, అనగా కండెన్సరును, చూడండి. ఎండుగడ్డి నుసి, తవుడు దుమ్ము కూలరు జిడ్డుకు అంటుకొని గాలి ఆడకుండా చేస్తాయి. వేడి పోయే దారి లేక గ్యాసు ఒత్తిడి పెరిగి, రక్షణ స్విచ్చి కంప్రెసరును ఆపివేస్తుంది. ప్యానెలు చూచి కరెంటు తప్పనుకుంటాము. నిజానికి చీపురు, నీళ్ళతో తీరే జబ్బు. మెయిను కట్టి, మెత్తని బ్రష్షుతో రెక్కలు వంగకుండా దులపాలి. కండెన్సరు ఫ్యాను తిరుగుతున్నదో లేదో చూడాలి. గ్యాసు కారినదన్న అనుమానం వీటి తరువాత వచ్చేది.

జనరేటరు మీద నడిపేటప్పుడు

దిండి వద్ద వశిష్ఠ గోదావరి మీద పర్యాటకులు ఎక్కే హౌస్‌బోట్లను మన సభ్యులలో చాలామంది చూచియే ఉంటారు. పడవలో బిగించే ఏసీ యంత్రానికీ మన పాల కూలరుకూ మూలం ఒకటే: కంప్రెసరు, కండెన్సరు, గ్యాసు. అక్కడ గాలిని చల్లబరుస్తారు, ఇక్కడ పాలను. పడవకు ఒడ్డున ఉన్నప్పుడు ఒడ్డు కరెంటు, నీటి మీద ఉన్నప్పుడు జనరేటరు. అందుచేత పడవలో ఏసీ ఆగితే తెలిసిన మెకానిక్కు మూడు ప్రశ్నలు వేసుకుంటాడు. స్టార్టు చేయడానికి చాలినంత శక్తి ఉన్నదా? ఉప్పు గాలికి అతుకులు చిలుము పట్టినాయా? కండెన్సరు వేడి పోతున్నదా? నీటితో చల్లబరిచే కండెన్సరైతే నీరు లాగే గొట్టానికి గుర్రపుడెక్క అడ్డుపడినా ఏసీ ఆగిపోతుంది. మన కూలరును జనరేటరు మీదికి మార్చినప్పుడు మనమూ అవే ప్రశ్నలు వేసుకోవాలి.

ముందు శక్తి సంగతి. 5 గుర్రాల కంప్రెసరు నడవడానికి సుమారు ఐదున్నర కె.వి.ఏ. చాలు. స్టార్టు అయ్యే క్షణంలో దానికి ఆరు రెట్లు అడుగుతుంది. జనరేటరు చిన్నదైతే ఆ క్షణంలో క్రుంగిపోయి వోల్టేజి పడుతుంది, కాంటాక్టరు టపటప కొట్టుకుంటుంది. కనుక నడక అవసరానికి రెండున్నర, మూడు రెట్లు గల జనరేటరు తీసుకోవడం మేలు. వేసే వరుస కూడా ముఖ్యం. మొదట జనరేటరును నిలకడగా తిరగనిచ్చి, 50 సైకిల్సు, సరైన వోల్టేజి చూచి, ముందు కంప్రెసరును, ఆ తరువాత దీపాలు, పంపు, పరీక్ష యంత్రాలను వేయాలి.

అన్నిటికంటె ముఖ్యమైనది చేంజోవరు స్విచ్చి. లైను కరెంటూ జనరేటరు కరెంటూ ఏ పరిస్థితిలోనూ కలిసే వీలు ఉండరాదు. మెయిను కట్టామనుకొని ప్లగ్గు ద్వారా జనరేటరు కరెంటును ఇంటి తీగలలోకి ఎక్కించడం ఘోరమైన పని. ఆ కరెంటు వెనుకకు నడిచి, ట్రాన్స్‌ఫార్మరులో 11,000 వోల్టులై, స్తంభం మీద పని చేస్తున్న లైన్‌మన్ ప్రాణం తీయగలదు. మన పాలు కాపాడుకోవడానికి మరొకరి ఇల్లు కూల్చరాదు. జనరేటరు పొగ కూడా విషమే గనుక దానిని మూసిన గదిలో నడపరాదు.

డెల్టాలో ఎర్తింగు, అతుకులు

మన నల్లరేగడి తడిసినప్పుడు ఉబ్బుతుంది, ఎండినప్పుడు బీటలు వారుతుంది. రోహిణి కార్తె ఎండలకు ఎర్తు గుంత చుట్టూ బీటలు వారితే గొట్టానికీ మట్టికీ పొత్తు పోతుంది. వేసవిలో ఎర్తు గుంతలో నీరు పోయడం మరువరాదు. అంతర్వేది వంటి సముద్ర తీర గ్రామాలలో ఉప్పు నేల, ఉప్పు గాలి వలన గొట్టమూ, దాని బోల్టూ త్వరగా తుప్పు పడతాయి. పైకి బాగున్న బోల్టు లోపల తినివేయబడి ఉంటుంది. సంవత్సరానికి ఒకసారి, తొలకరికి ముందు, ఎర్తు నిరోధాన్ని మీటరుతో కొలిపించి అంకె వ్రాయించుకోవాలి. 5 ఓములకు లోబడి ఉంటే మంచిది. ఎర్తు లేదని న్యూట్రలును కూలరు ఒంటికి కలపడం నిషిద్ధం. న్యూట్రలు తెగిన నాడు కూలరు ఒళ్ళంతా కరెంటు అవుతుంది.

30 మిల్లీ ఆంపియర్ల లీకుకే కరెంటు కట్టే ప్రాణరక్షక స్విచ్చిని దీపాలకు, ప్లగ్గులకు, నీళ్ళ పంపుకు తప్పక వేయించాలి. అది మాటిమాటికీ పడుతున్నదని తీసివేసే వారున్నారు. పడుతున్నదంటే ఎక్కడో లీకు ఉన్నది. లీకును తీయాలి గాని స్విచ్చిని కాదు.

అంతవరకు పాల మాట

లోపం వెదుకుతూ పాలను మరువరాదు. అప్పటికే 4 డిగ్రీలకు చల్లబడిన పాలు, మూత మూసి ఉంచితే, ట్యాంకు గోడల రక్షణ వలన కొన్ని గంటలు నిలబడతాయి. మూత ఊరకే తెరిచి చూడరాదు. చల్లని పాలలో కొత్తగా వచ్చిన వెచ్చని పాలు పోయరాదు. పోస్తే రెండూ చెడతాయి. కొత్త పాలను క్యాన్లలోనే ఉంచి, చల్లని నీటి తొట్టిలో గాని మంచు గడ్డల మధ్య గాని నిలిపి, దగ్గరలో నడుస్తున్న మరొక కూలరుకు పంపాలి. అరగంటలో కారణం తేలకపోతే డెయిరీకి ఫోను చేసి ట్యాంకరును ముందుగా రమ్మని కోరాలి. పాలు నిలవడానికి సోడా గాని, మరే మందు గాని కలపడం నేరం. పరీక్షలో దొరికిపోవడం ఖాయం.

పాలకవర్గం చేయవలసినవి

కూలరు గదిలో ఒక పుస్తకం పెట్టాలి. ప్రతి పూటా కూలరు వేసిన వేళ, మూడు వోల్టేజీలు, మూడు ఆంపియర్లు, పాల ఉష్ణోగ్రత, 4 డిగ్రీలకు దిగిన వేళ వ్రాయాలి. మామూలుగా మూడు, మూడున్నర గంటలలో చల్లబడే పాలకు నాలుగు, నాలుగున్నర గంటలు పడుతున్నాయంటే యంత్రం ఆగకముందే అది మనకు చెబుతున్నదన్నమాట. ఆంపియర్లు నెమ్మదిగా పెరుగుతున్నా అంతే.

నెలకు ఒకసారి కండెన్సరు దులపాలి. మూడు నెలలకు ఒకసారి ఎలక్ట్రీషియను చేత ప్యానెలులోని స్క్రూలన్నీ బిగింపించాలి. వదులు స్క్రూ వేడెక్కుతుంది, వేడెక్కిన స్క్రూ తీగను కాల్చుతుంది. తుపానులు వచ్చే అక్టోబరు, నవంబరు మాసాలకు ముందే జనరేటరును బరువు మీద గంటసేపు నడిపించి చూడాలి. గోడ మీద లైన్‌మన్, ఎలక్ట్రీషియను, మెకానిక్కు, డెయిరీ ఫోను నంబర్లతో పాటు విద్యుత్ ఫిర్యాదుల నంబరు 1912 పెద్ద అక్షరాలతో వ్రాయించాలి.

ఈ ఖర్చులను చూచి సర్వసభ్య సమావేశంలో కొందరు ప్రశ్నించవచ్చును. అప్పుడు ఒక రాత్రి చెడిన పాల లెక్కను వారి ముందు ఉంచండి. వోల్టు మీటరు, సింగిల్ ఫేజ్ ప్రివెంటరు, మంచి ఎర్తు, ఒక నోటు పుస్తకం, వీటి ఖర్చు అంతా కలిపినా ఆ లెక్కకు చాలా దిగువనే ఉంటుంది. కూలరు అందరిదీ గనుక ఎవరిదీ కాదన్నట్లు వదిలివేయక, పూటకు ఒకరు బాధ్యత వహించి మూడు అంకెలు వ్రాసే అలవాటు ఈ నెల నుంచే మొదలుపెట్టవలసినదిగా సభ్య సంఘాలను కోరుతున్నాము. తదుపరి తనిఖీలలో నగదు పుస్తకంతో పాటు ఆ పుస్తకాన్నీ మేము అడుగుతాము.